ఎండ తగలని పెట్టె

ఉదయగిరి,
ఫిబ్రవరి, ఆదివారం.

ఏమే శ్వేతా,

ఫోను చేస్తే పోయేదానికి ఉత్తరం ఎందుకని మొహం చిట్లించకు. ఫోనులో నువ్వు "ఊ, ఊ" అంటూ పక్కన కంప్యూటర్ చూసుకుంటావు. ఉత్తరానికైతే కూర్చుని జవాబు రాయక తప్పదు. ఈ హాస్టల్లో పక్కపక్కన చాపలు వేసుకుని పెరిగినవాళ్లం, వేసవి సెలవుల్లో కార్డులు రాసుకున్నవాళ్లం. ఇప్పుడు అదే హాస్టల్‌కు నేను వార్డెన్‌ని, నువ్వు ఆత్మకూరులో ఇంట్లో కూర్చుని హైదరాబాదు కంపెనీకి పనిచేసే పెద్ద ఇంజినీరువి. అంతమాత్రాన ఉత్తరాలు మానాలని ఎక్కడా లేదు.

సంగతి ఏమిటంటే, పోయిన ఏప్రిల్లో మన పై హాలులో ఒక పిల్ల వేడికి కళ్లు తిరిగి పడిపోయింది. నీకు చెప్పాను కదా. అప్పుడు పరిశీలనకు వచ్చిన పెద్దాయన పైకి చూశాడు. స్లాబు పెచ్చులు ఊడి ఇనుము కనపడుతోంది. "ఇది ఇట్టా నడపడం కష్టమమ్మా" అని రాసుకుపోయాడు. ఇప్పుడు కబురు వచ్చింది. పాత హాస్టళ్లు, ఆఫీసులను కొన్నింటిని ఎంచి, పైకప్పు, కిటికీలు, కరెంటు అన్నీ బాగుచేసి గ్రీన్ సర్టిఫికెట్ వచ్చేలా చేస్తారట. మన జిల్లాలో రెండే. మన పేరు అందులో ఉంటే బాగుపడతాం. లేకపోతే మూతే. ఆ మాట నాతో నోటితోనే చెప్పారు, "ఈసారి పేరు రాకపోతే పిల్లలను ఆత్మకూరు హాస్టల్లో కలిపేస్తాం" అని.

గ్రీన్ అంటే పచ్చరంగు వేస్తారా అని మా వంటమనిషి శీనమ్మ అడిగింది. నాకూ అంతకంటే ఎక్కువ తెలియదు. కానీ ఆ కాగితాల మీద లెక్కలు చేసే కంపెనీ పేరు చూస్తే అది మీదే. నిజమేనా? ఆ లెక్కలు నీ చేతికే వస్తే ఎంత బాగుంటుంది!

ఇక్కడ ఉన్న పిల్లల్లో సగం మంది గొర్రెల కాపరుల బిడ్డలు. ఎనిమిదో తరగతిలో అశ్విత అని ఒకతె ఉంది. తండ్రి మాలకొండయ్య. కోతలయ్యాక అమ్మా నాయనా మందను తోలుకుని సంగం పక్క కాలువ పొలాలకు పోతారు, రాత్రిళ్లు చేలల్లో మంద కట్టి, వానలు పడ్డాకే తిరిగొస్తారు. అప్పుడు ఆ పిల్లకు ఇల్లంటే ఇదే. ఇది మూతపడితే ఆ పిల్ల కూడా గొర్రెల వెనకే. ఆలోచించి రాయి.

నీ రమణి

*

ఆత్మకూరు,
ఫిబ్రవరి ఆఖరు.

రమణీ,

నిజమే, మా కంపెనీయే. ఉదయగిరి పేరు చూడగానే ఈ పని నాకివ్వండని అడిగి తీసుకున్నాను. నేను అక్కడ చదువుకున్నదాన్నని మాత్రం ఎవరికీ చెప్పలేదు. నువ్వూ చెప్పకు.

నేను చేసే పనేమిటో అడిగావు కాదు కానీ చెబుతాను. మన హాస్టల్‌ను కంప్యూటర్లో మళ్లీ కడుతున్నాను. మొన్న కొలతలు తీసుకుపోయారే, వాళ్లు మావాళ్లే. రాతిగోడ ఎంత మందం, స్లాబు ఎంత, కిటికీ ఏ దిక్కు, పడమటి ఎండ ఎంతసేపు పడుతుంది, లోపల ఎందరు పడుకుంటారు, ఫ్యాన్లు ఎప్పుడు తిరుగుతాయి, అన్నీ ఎక్కిస్తాను. అప్పుడు అందులో ఒక ఏడాది మొత్తం గడుస్తుంది. పైకప్పు మీద తెల్ల పెంకులు పరిస్తే లోపల ఎంత చల్లబడుతుంది, కిటికీలకు నీడ కడితే ఎంత, కరెంటు ఎంత మిగులుతుంది, అన్నీ కట్టకముందే తెలిసిపోతాయి. ఏ భవనానికి ఎక్కువ మెరుగుపడే వీలుందో దానికే సొమ్ము. మన పై హాలు సంగతి మనకు తెలియదా? ఏప్రిల్లో పెనం మీద పడుకున్నట్టే కదా. నువ్వు ధైర్యంగా ఉండు.

అయితే నా లెక్కను ఎవరూ ఊరికే నమ్మరు. నిజంగా కొలిచిన వేడితో సరిపోవాలి. అందుకని ఒక చిన్న తెల్ల పెట్టె పంపిస్తున్నాను. గంటగంటకూ వేడిని తనలో దాచుకుంటుంది. ఎర్రలైటు వెలిగి ఆరుతుంటే పనిచేస్తున్నట్టు. పై హాలు నడిమి స్తంభానికి, పిల్లల తల ఎత్తున వేలాడదీయి. దాని మీద నేరుగా ఎండ తగలకుండా చూడు, తగిలితే కొలత చెడిపోతుంది. ఏప్రిల్లో హాస్టల్ మూసేటప్పుడు తీసి నాకు పంపు. లోపల ఏముందో నా దగ్గరికి వచ్చాకే చూడగలను.

శీనమ్మకు చెప్పు, పచ్చరంగు వేయరు, కరెంటు తక్కువ కాల్చే భవనమని ఇచ్చే గుర్తింపు అది. ఉన్న రంగు ఊడకపోతే అదే పదివేలు.

శ్వేత

*

ఉదయగిరి,
మార్చి ఆఖరు.

శ్వేతమ్మ ఇంజినీరు గారికి,

పెట్టె చేరింది. స్తంభానికి మేకు కొట్టించి నేనే తగిలించాను. పిల్లలందరూ చుట్టూ చేరి చూశారు. ఇది పాడైతే మన హాస్టల్ పని పాడైనట్టేనని గట్టిగా చెప్పి, చూసుకునే పని అశ్వితకు అప్పగించాను. ఈ పిల్లకు ఏదైనా అప్పగిస్తే ప్రాణం పెట్టి చూస్తుంది. "దీనికి ఎండ తగలకూడదు, జాగ్రత్త" అన్నాను. "తగలనీను మేడం" అంది.

ఒంటిపూట బడులు మొదలయ్యాయి. మధ్యాహ్నానికే పిల్లలు వచ్చి పడతారు. సరిగ్గా స్లాబు కాగే వేళకు అందరూ దాని కిందే. తడిపిన దుప్పట్లు కిటికీలకు కడుతున్నాం. మేము అనుభవించేదంతా నీ పెట్టె మింగుతోందని తలచుకుంటే నాకు ఒక రకంగా సంతోషం. ఎన్నాళ్లుగానో ఈ వేడి ఉందని చెబుతుంటే ఎవరూ వినలేదు. ఇప్పుడొక సాక్షి దొరికింది.

కరెంటు బిల్లులు అడిగావు, జతచేశాను. చూసి మెచ్చుకో. జిల్లాలో ఇంత తక్కువ బిల్లు వచ్చే హాస్టల్ లేదని మా ఆఫీసులో అంటారు. పిల్లలు హాలు దాటితే ఫ్యాను ఆగాల్సిందే. అశ్విత వాళ్ల అవ్వ ఓబులమ్మ సంతకు వచ్చినప్పుడల్లా మనవరాలి కోసం రేగుపళ్లు దంచి ఎండబెట్టిన రేగొడియాలు తెస్తుంది. మొన్న వచ్చి ఆ పెట్టెను చూసి, "ఏంది మేడమా ఇది, దీపం మిణకరిస్తా ఉండాది?" అంది. మన హాస్టల్‌ను నిలబెట్టే దేవుడు అవ్వా అన్నాను. ఆమె చెప్పులు వదిలి దణ్ణం పెట్టింది. నవ్వకు.

రమణి

*

ఆత్మకూరు,
జూన్ మొదటి వారం.

రమణీ,

ఈ ఉత్తరం ఎలా మొదలుపెట్టాలో తెలియక వారం వాయిదా వేశాను.

పెట్టెలోని కొలతలు చూశాను. హాలు మనం అనుకున్నంత వేడిగా లేదు. మధ్యాహ్నాలు ఓర్చుకోగలిగేంతే ఉంది, రాత్రిళ్లు బాగా చల్లబడుతోంది. మొదట నా లెక్కలో చాలా ఎక్కువ వేడి చూపించింది. కానీ మా పద్ధతి ఒకటే, లెక్కకూ కొలతకూ తేడా వస్తే లెక్కను కొలతకు సరిదిద్దాలి. గోడ మందం, రాయి గుణం మార్చుకుంటూ పోయాను, చివరికి రెండూ కలిశాయి. ఆ రాతిగోడలు నిజంగా గొప్పవే. పాతవాళ్లు తెలిసి కట్టారు అనుకున్నాను. నువ్వు పంపిన బిల్లులూ దానికి సరిపోయాయి. వేడి ఉంటే ఫ్యాన్లు తిరిగేవి, బిల్లు పెరిగేది కదా.

దానివల్ల మనకు చూపించడానికి మిగులు పెద్దగా లేకుండా పోయింది. తక్కువ ఖర్చు పెట్టేవాళ్లు ఏం మిగిల్చి చూపిస్తారు? ఉన్నది ఉన్నట్టు రాసి పంపాను. దీన్ని మంచి వార్తగానే చూడు. భవనం బాగుందని ఒక ఇంజినీరు రాసిచ్చాక ఎవరైనా మూస్తారా? పెచ్చుల సంగతి మామూలు మరమ్మతులో చూసుకుంటారు.

మనకు వేడి అనిపించడం వేరు, వేడి ఉండటం వేరు. పదిమంది కలిసి "ఉక్క, ఉక్క" అంటుంటే ఉక్క ఇంకా ఎక్కువవుతుంది. కోపం తెచ్చుకోకు.

శ్వేత

*

ఉదయగిరి,
జులై.

శ్వేతకు,

కోపం రాలేదు. రావడానికి నాకు వారం పట్టింది, అంతే.

ఆ రెండు పేర్లూ వచ్చాయి. మనది లేదు. వచ్చినవాటిలో ఒకటి నెల్లూరులో ఒక ఆఫీసు. గదికో ఏసీ ఉందట. అవి తీసి మంచివి పెడితే బోలెడు కరెంటు మిగులుతుందట. చల్లగా ఉన్నవాళ్లనే ఇంకా చల్లగా చేయడానికి సర్టిఫికెట్ ఇస్తారని తెలిసి ఉంటే, నేనూ పొద్దస్తమానం ఫ్యాన్లు తిప్పి ఉందును. పొదుపు చేసినందుకు నాకీ శాస్తి.

నీ కాగితం మా ఆఫీసులో చదివి వినిపించారు. "హాలు సౌకర్యంగానే ఉందని మీ ఇంజినీరే రాశారు కదమ్మా, ఇన్నాళ్లూ మీరు పిల్లలతో ఊరికే ఫిర్యాదులు చేయించారా?" అని అడిగారు. అందరి ముందూ. దసరా సెలవుల తర్వాత తెరవవద్దని చెప్పారు. స్లాబు ప్రమాదకరం, దానికి పెట్టడానికి సొమ్ము లేదు, సొమ్ము వచ్చే పథకంలో పేరు లేదు. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అదీ నువ్వు చేసిన సాయం.

పోయినేడు పడిపోయిన పిల్లకు వేడి "అనిపించి" పడిపోయిందా? ఆ హాలులో నువ్వు పడుకోలేదూ? పదో తరగతి పరీక్షలప్పుడు తడిగుడ్డ నెత్తిన వేసుకుని ఏడుస్తూ చదివింది ఎవరే? నీ ఒంటికి తెలిసినదాన్ని ఒక డబ్బా కాదంటే నువ్వు డబ్బాను నమ్మావు.

రమణి

*

ఆత్మకూరు,
జులై.

రమణి గారికి,

మీ ఉత్తరం అందింది. నేను కావాలని చేసినట్టు మాట్లాడారు. తెలిసిన హాస్టల్ అని అంకెలు పెంచి రాస్తే అది దొంగతనమే అవుతుంది. అది నా వల్ల కాదు.

ఇంతవరకే రాసి కవరు అంటించాను. మళ్లీ చింపాను.

నేను ఆ హాలులో ఏడ్చిన మాట నిజమే. అది గుర్తుకొచ్చి మళ్లీ కొలతలు తెరిచి చూశాను. ఒకటి చెప్పు. రోజూ చీకటి పడే వేళకు వేడి ఒక్కసారిగా దిగిపోతోంది, మెట్టు దిగినట్టు. తెల్లవారగానే మళ్లీ ఒక్కసారిగా పైకి. పగలంతా ఎండ తాగిన స్లాబు రాత్రికి కదా వేడిని కక్కేది. ఏ గదీ అలా చల్లబడదు. ఇది నాకు ముందే కనపడింది. రాతిగోడల గొప్పదనమని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

ఆ పెట్టెను ఎవరైనా కదిలించారా? పిల్లలను కోప్పడకుండా అడుగు.

శ్వేత

*

ఉదయగిరి,
ఆగస్టు.

శ్వేతా,

అడిగాను. రాత్రి అన్నాల దగ్గర అందరూ కూర్చుని ఉండగా, ఎండాకాలంలో ఆ పెట్టెను ఎవరైనా ముట్టుకున్నారా అన్నాను. అశ్విత వెంటనే చెయ్యెత్తింది. భయంతో కాదే, సంతోషంగా. ఇన్నాళ్లకు ఎవరో అడిగారని.

"నేనే మేడం. ఒక్కపూట కూడా దానికి ఎండ తగలనీలా."

"మేకుకే గదా ఉండాల్సింది?" అన్నాను.

"మేకు కాడ ఉడికిపోతా ఉండాది మేడం. గోడ ముట్టుకుంటేనే చెయ్యి కాలతా ఉండె. అందుకని పగలు నీళ్ల కడవ పక్కన తడి ఇసకలో పెట్టి గంప మూసినాను. మా ఇంట్లో గొర్రెపిల్ల పుడితే అట్టానే గదా పెట్టేది. రేత్రికి మాతో పాటు మిద్దె మీదికి ఎత్తుకపోయినాను. పాపం, ఎర్రలైటు ఆరి వెలగతా ఉంటే అది కూడా ఊపిరి తీస్తా ఉండాదనిపించినాది."

"మరి పొద్దున నేను వచ్చేసరికి మేకుకే ఉండేది గదా?"

"మీరు పైకొచ్చేది పొద్దుటిపూటే గదా, ఆ యాళకు మళ్లా తగిలించేదాన్ని మేడం. మీరు అప్పజెప్పిన చోటే ఉండాల గదా."

అన్నం ముద్ద చేతిలోనే ఉండిపోయింది నాకు. పిల్లలు నా మొహం చూస్తున్నారు. "బాగా చూసుకున్నావు" అన్నాను. అశ్విత మొహం వెలిగిపోయింది.

ఎండ తగలకూడదని నువ్వు నాకు రాశావు. అదే మాట నేను ఆ పిల్లకు చెప్పాను. ఎందుకో చెప్పలేదు. ఎందుకంటే నాకూ సరిగా తెలియదు. పుట్టిన పిల్లను ఎండ నుంచి ఎలా కాపాడాలో ఆ ఇంట్లో చిన్నప్పుడే నేర్పుతారు. ఆ పిల్ల దానికి తెలిసినట్టు కాపాడింది.

నిన్ను పోయిన ఉత్తరంలో అన్న మాటలు వెనక్కి తీసుకుంటున్నాను. ఇప్పుడు నువ్వే ఏదో ఒకటి చెయ్యాలి. ఆ కాగితం తప్పని రాయి, శ్వేతా. దసరా ఇంకా రాలేదు.

రమణి

*

ఆత్మకూరు,
సెప్టెంబర్.

రమణీ,

రాశాను. ఫోన్లు చేశాను. చివరికి హైదరాబాదు వెళ్లి మా పైఅధికారి కోటేశ్వర్ గారి ఎదుట కూర్చున్నాను.

పెట్టె కొలతలు తీసేసి, మన హాలును మళ్లీ లెక్క కట్టాను. ఈసారి గోడ గుణాలేమీ మార్చలేదు, ఉన్నవి ఉన్నట్టు పెట్టాను. ఏప్రిల్ నెలంతా ఆ హాలు మనుషులు ఉండదగిన చోటు కాదని వచ్చింది. మొదటిసారి వచ్చిన లెక్కే అది. అదే నిజం. దాన్ని నా చేతులతో నేనే చెరిపి పంపాను.

కోటేశ్వర్ గారు మంచివారే. అంతా విన్నారు. గంప మాట చెప్పినప్పుడు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు కూడా. తర్వాత నెమ్మదిగా చెప్పారు. "ఎంపికలు అయిపోయినాయమ్మా. ఇప్పుడు మనం తప్పు చెప్పినామంటే, ఏం చూపించి చెప్తాం? మళ్లీ కొలవాలంటే మళ్లీ ఎండాకాలం రావాల. అప్పటికి ఈ పథకం ఉండదు." అయినా నాకోసం ఒక లేఖ రాసి పంపారు. దానికి జవాబు వచ్చింది. మొదట చల్లగా ఉందన్న ఇంజినీరు ఇప్పుడు వేడిగా ఉందంటున్నారు, పైగా ఆమె అదే హాస్టల్లో చదివినట్టు తెలిసింది, కాబట్టి రెండో నివేదికను పరిగణించలేమని. ఎవరు చెప్పారో తెలియదు. దాచినందుకు అది ఇంకా తప్పుగా కనపడింది.

అంటే నేను తప్పు రాసినప్పుడు నమ్మారు, నిజం రాసినప్పుడు నమ్మలేదు. రమణీ, నాకు ఇంకేమీ తోచడం లేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడానికి కూడా ఆకు దొరకడం లేదు.

అశ్వితను ఆత్మకూరు హాస్టల్‌కు పంపమని వాళ్ల నాయనకు చెప్పు. రోజూ వెళ్లి నేను చూసుకుంటాను. ఆదివారాలు మా ఇంటికి తెచ్చుకుంటాను. ఈ ఒక్కటైనా నన్ను చెయ్యనీ.

శ్వేత

*

ఉదయగిరి,
అక్టోబర్.

శ్వేతా,

హాస్టల్ ఖాళీ చేశాం. ట్రంకుపెట్టెలు, బియ్యం, వంటపాత్రలు లారీ ఎక్కించారు. బల్లలు మాత్రం ఎవరికీ అక్కరలేక హాలులోనే ఉన్నాయి.

పిల్లల్లో ఎక్కువమంది ఆత్మకూరు వచ్చారు. కొందరు రాలేదు. అశ్విత రాలేదు. నువ్వు చెప్పమన్నది చెప్పాను. మాలకొండయ్య చేతికర్ర ఆనించుకుని నిలబడి అంతా విన్నాడు.

"ఉదయగిరి అయితే మాయమ్మ ఉండాది మేడమా, సంతకొచ్చినప్పుడల్లా చూసిపోతాది. ఆత్మకూరులో ఎవురుండారు మాకు?"

"నా స్నేహితురాలు ఉంది, సొంత బిడ్డలా చూసుకుంటుంది" అన్నాను.

"ఆయమ్మ ఏం పని చేస్తాది?"

జవాబు చెప్పలేకపోయాను. క్షమించు. ఇంజినీరు అని ఒక్క మాట అంటే సరిపోయేది, అది కూడా రాలేదు. నా తడబాటు చూసి అతనికి నమ్మకం పోయింది. "పెద్దపిల్ల అయిపోయింది, మాతోనే ఉంటాదిలే" అన్నాడు. చెడ్డవాడు కాడు. నేను అతని చోట ఉన్నా ముక్కూమొహం తెలియనివాళ్ల దగ్గరికి పంపను.

అశ్విత పుస్తకాలు అన్నీ సంచిలో సర్దుకుంది. పోయే ముందు, "మన హాస్టల్ ఎందుకు మూసినారు మేడం?" అంది. పాతదైపోయిందమ్మా అన్నాను. మిగతాది ఆ పిల్లకు ఎన్నటికీ తెలియకూడదు. శీనమ్మకు కూడా చెప్పలేదు. నువ్వూ ఎవరికీ చెప్పకు.

నన్ను కలిగిరి ఆఫీసుకు వేశారు. అక్కడ పిల్లలు ఉండరు, కాగితాలే.

రమణి

*

ఆత్మకూరు,
జనవరి.

రమణీ,

చాలా రోజులు రాయలేదు. ఏం రాయాలి?

నెల్లూరు ఆఫీసుకు సర్టిఫికెట్ వచ్చేసింది. గుమ్మం దగ్గర పచ్చరాతి మీద పేరు చెక్కి పెట్టారు. దాని లెక్క కూడా నేనే చేశాను. తప్పేమీ లేదు, మంచి లెక్క.

మన హాస్టల్ నా కంప్యూటర్లో ఇంకా ఉంది. పని అయిపోయిన వాటిని తీసేయాలి, తీయలేకపోతున్నాను. అప్పుడప్పుడు తెరుస్తాను. అందులో పిల్లలు ఇంకా ఉన్నారు. పొద్దున లేస్తారు, బడికి పోతారు, మధ్యాహ్నం తిరిగొస్తారు, ఫ్యాన్లు ఆపి మిద్దె ఎక్కుతారు. నేను ఎక్కించిన వేళల ప్రకారం ఏడాదంతా అలాగే చేస్తారు. తెల్ల పెంకులు పరిచి చూశాను, కిటికీలకు నీడ కట్టి చూశాను. ఎంత చల్లగా ఉందో తెలుసా? నిజంగా చేసి ఉంటే ఏప్రిల్లో కూడా హాయిగా నిద్రపోయేవాళ్లు. పెద్ద ఖర్చు కూడా కాదు. అది చూసినప్పుడల్లా నాకు ఏడుపొస్తోంది.

ఆత్మకూరు వచ్చిన మన పిల్లలను చూడటానికి వెళ్లాను. ఇరుకుగా సర్దుకున్నారు. నేనెవరో చెప్పలేదు. అరటిపళ్లు ఇచ్చి వచ్చేశాను.

పెట్టె నా బల్ల సొరుగులో ఉంది. కంపెనీకి తిరిగి ఇవ్వాలి, పోయిందని చెప్పి దాని ఖరీదు కట్టేశాను.

అశ్విత కబురు ఏమైనా తెలిసిందా?

శ్వేత

*

కలిగిరి,
ఏప్రిల్.

శ్వేతా,

తెలిసింది. చూశాను కూడా.

మొన్న ఆఫీసు పని మీద నెల్లూరు పోతుంటే సంగం దాటాక బస్సు కిటికీలోంచి కోసిన చేలల్లో మంద కనపడింది. మంద వెనక ఒక పిల్ల. నడకను బట్టే గుర్తుపట్టాను. బస్సు ఆపించి దిగిపోయాను. డ్రైవరు తిట్టాడు, తిట్టనీ.

ఆ పిల్ల నన్ను చూసి పరుగెత్తుకుంటూ వచ్చింది. నెత్తిన తువ్వాలు. మొహం నల్లబడిపోయింది. పెదాలు పగిలి ఉన్నాయి. ఆ వేళకు చేలో నిలబడటం నా వల్ల కాలేదు, తుమ్మచెట్టు కింద కూర్చోబెట్టింది. ఆ కాస్త నీడలో తడి ఇసక పోసి, ఒక గంప బోర్లించి ఉంది. లోపల పుట్టి రెండు రోజులైన గొర్రెపిల్ల. దాని మీద ఎండ పడకుండా గంపను జరుపుతూ మాట్లాడింది. పుస్తకాల సంగతి అడిగాను. "వానకు తడిసిపోయినాయి మేడం" అంది. అవ్వ ఓబులమ్మకు కాలు బాగాలేదట. వచ్చే ఏడు బడికి పోతావా అని అడగాలనుకున్నాను. పోలేనని ఆ పిల్ల నోటితో చెప్పించడం ఎందుకని ఊరుకున్నాను.

లేవబోతుంటే అడిగింది.

"మేడం, ఆ పెట్టె ఏడుండాది ఇప్పుడు?"

"శ్వేత మేడం దగ్గర, ఆత్మకూరులో."

"రేత్రిళ్లు దాన్ని బయట పెడతా ఉండారా? లోపలైతే ఉక్కపోసి చచ్చిపోతాది."

"పెడతా ఉండారు" అన్నాను.

"అయితే సరే మేడం" అంది. నిజంగా ఊరట పడింది, నేను చూశాను. తర్వాత నాయన కేక వేస్తే మందలోకి పోయింది.

బస్సు వచ్చేదాకా ఆ రోడ్డు పక్కనే నిలబడి ఏడ్చాను. మనం ఆ పిల్లకు చెయ్యగలిగింది ఏమీ లేదు, శ్వేతా. బడి ఇవ్వలేం, హాస్టల్ ఇవ్వలేం. నిజం చెప్పే ధైర్యం కూడా మనకు లేదు. ఆ పిల్ల మనల్ని అడిగింది ఒక్కటే, దానికి నేను అవునని చెప్పి వచ్చాను.

సొరుగులో ఉందన్నావు కదా. ఈ ఉత్తరం అందిన సాయంత్రం దాన్ని తీసి వరండాలో పెట్టు. లైటు వెలగకపోయినా పరవాలేదు. వేసవి అయిపోయేదాకా రోజూ పెట్టు. నేను ఆ పిల్లకు చెప్పిన మాట అబద్ధం కాకూడదు.

నీ రమణి